గొంగడి వేసుకున్న పాట: సుద్దాల హనుమంతు

పోయిన నెల హాస్టల్ రూమ్‌లో ఒక స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్ కచేరీ వీడియో చూసినం. మొదట పాత బాణీలు వాయించిన్రు. తర్వాత అదే వాయిద్యానికి డ్రమ్స్, ఎలక్ట్రానిక్ బీట్లు కలిపి ప్రయోగాలు చేసిన్రు. సెలవుల్లో ఇంటికి పోయి తాతకు చూపిస్తే, ఇది మన తిత్తి లెక్కనే ఉందన్నడు. మేకతోలుతో చేసిన తిత్తిని మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం ఊదేవాళ్లు. పాత కళతో కొత్త ప్రయోగం చేసినాయన మన నల్లగొండలోనే ఉన్నడని చెప్పి, సుద్దాల హనుమంతు పేరెత్తిండు. 'పల్లెటూరి పిల్లగాడ' పాట రాసిన కవి అని తప్ప నాకప్పటికి ఇంకేం తెలియదు.

హనుమంతు గారు 1910 ప్రాంతంలో పాలడుగులో ఒక పేద చేనేత కుటుంబంలో పుట్టారు. అసలు ఇంటిపేరు గుర్రం. సుద్దాలలో స్థిరపడ్డాక ఆ ఊరిపేరే ఇంటిపేరులా నిలిచిపోయింది. చిన్నప్పటి నుంచి హరికథలు, యక్షగానాలంటే ఇష్టం. హైదరాబాదులో చిన్న కొలువు చేసి, వదిలేసి ఊరికొచ్చారు.

అవి నిజాం రోజులు. ఊళ్లల్ల దొరలకు అన్ని కులాలవాళ్లూ వెట్టి చెయ్యాలె. గొల్లలైతే అడిగినప్పుడల్లా గొర్రెను ఊరికే ఇయ్యాలె. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగినంక సంఘం పల్లెపల్లెకూ పోయింది. సుద్దాలలో సంఘాన్ని నిలబెట్టినవాళ్లలో హనుమంతు గారు ముందున్నారు.

అయితే సంఘం మాట జనానికి చేరేదెట్ల? ఎక్కువమందికి చదువు రాదు, కరపత్రం ఇస్తే లాభం లేదు. అందుకే ఆయన జనానికి అలవాటైన కళలనే పట్టుకున్నారు. బుర్రకథ చెప్పారు, గొల్లసుద్దులు కట్టారు. గొల్లసుద్దులకు పెద్ద స్టేజీ అక్కర్లేదు. భుజాన గొంగడి, చేతిల కర్ర, కాళ్లకు గజ్జెలు, పక్కన వంతపాడేవాళ్లు ఉంటే చాలు. గంతులు, హాస్యం చూసి జనం ముందు నవ్వుతరు. ఆ నవ్వుల మధ్యనే ఆయన వెట్టి గురించి, దొర గడి గురించి చెప్పేవారు. వేషం పాతదే, దరువూ పాతదే, కథ మాత్రం ఎదురుగ కూర్చున్నోళ్లది.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. మేము గొల్లలం. నేతకుటుంబంలో పుట్టినాయన మా వేషం వేసుకొని, మా కథ తీసేసి తన కథ పెడితే అది మా కళేనా? తాతను అడిగిన. కాటమరాజు కథ ఎంత మనదో, దొర పట్టుకపోయిన గొర్రె కథ కూడా అంతే మనదని తేల్చేసిండు. నాకు మళ్లీ మాట రాలేదు.

పాట పాడితే రజాకార్లు, పోలీసులు ఊరి మీద పడే కాలమది. అయినా పాట ఆగలేదు. 1951లో సాయుధ పోరాటం ఆగిపోయినా ఆయన పాటలు జనం నోట్లో ఉండిపోయినయ్. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో సంధ్య గారు పాడినంక పశువులు కాసే ఆ పిల్లగాని పాట రాష్ట్రమంతా విన్నది. 1982 అక్టోబర్ 10న హనుమంతు గారు క్యాన్సర్‌తో పోయారు. కొడుకు సుద్దాల అశోక్‌తేజ 'ఠాగూర్' సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలె. ఫస్టియర్ల మా ఇంట్ల గొర్లున్నయని హాస్టల్‌లో ఎవ్వరికీ చెప్పలేదు. తాత ఇచ్చిన గొంగడిని సూట్‌కేసు అడుగున దాచిపెట్టిన. ఈసారి ఫెస్ట్‌లో అదే వేసుకొని గొల్లసుద్దులు చెప్దామనుకుంటున్న. కథ పాలమూరు వలసది. మా రూమ్మేట్ వాళ్ల నాన్న ఇప్పటికీ ముంబైల కూలిపనికి పోతడు, కథలో సగం వాడే చెప్పిండు. నవ్వుతరేమోనని భయమైతే ఉంది. కానీ సుద్దులు మొదలయ్యేదే నవ్వుతోని కదా. వంతపాటకు ఇద్దరు కావాలె, గొంతు ఎట్లున్నా పర్వాలేదు. శనివారం సాయంత్రం క్లబ్ రూమ్‌కు రండి.