డాక్టర్ ఐడా స్కడర్

మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో గర్భవతి ఉంటే ఆమెను ఎప్పటి నుంచి డాక్టరుకు చూపించాలి? ఈ పాఠం చదివాక మీరే జవాబు చెప్పగలుగుతారు.

ఐడా స్కడర్ 1870లో నేటి తమిళనాడులోని రాణిపేటలో పుట్టారు. ఆమెది అమెరికా నుంచి వచ్చిన మిషనరీ వైద్యుల కుటుంబం. తాత, తండ్రి ఇద్దరూ డాక్టర్లే. అయినా చిన్ననాట కరవును కళ్లారా చూసిన ఐడాకు ఇక్కడ ఉండాలన్న కోరిక లేదు. చదువుకోసం అమెరికా వెళ్లారు. తల్లికి జబ్బు చేయడంతో తిండివనానికి తిరిగి వచ్చారు.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. వారిలో ఒకరు ముస్లిం, మిగతా ఇద్దరు హిందువులు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడా తండ్రి వస్తానన్నారు. కాని పరాయి మగవాడు తమ ఆడవారిని చూడడానికి వారు ఒప్పుకోలేదు. ఐడాకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. డాక్టరు ఊళ్లో ఉండీ ఆ ప్రాణాలు దక్కలేదు!

ఐడా మనసు మారింది. 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో డాక్టరై, మరుసటి సంవత్సరం వేలూరు వచ్చారు. 1902లో 40 పడకల ఆసుపత్రి తెరిచారు. రోగులు రాలేని పల్లెలకు తానే బయలుదేరి, రోడ్డు పక్క చెట్ల కింద వైద్యం చేశారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించారు. అదే నేటి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజి. చిత్తూరు, రాయలసీమల నుంచి ఎందరో నేటికీ అక్కడికి వెళ్తారు. ఆమె 1960లో మరణించారు.

ఇప్పుడు మన కాలానికి రండి. గర్భంలో 20 వారాలు దాటాక రక్తపోటు 140/90 లేదా అంతకు మించడం, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం ప్రీఎక్లాంప్సియా లక్షణాలు. ముదిరితే మూర్ఛలు వస్తాయి. దీన్నే గుర్రపువాతం అంటారు. చక్కెర వ్యాధి ఉన్న గర్భిణులకు ఈ ముప్పు ఎక్కువ. తొలి కాన్పు, కవలలు, ముందే ఉన్న రక్తపోటు, మూత్రపిండాల జబ్బు తోడైతే ఇంకా పెరుగుతుంది.

మొదట్లో బాధ ఏమీ తెలియకపోవచ్చు. కాబట్టి కొలిచి చూడాలి. చక్కెర వ్యాధి వల్ల కొందరికి ముందే ఆల్బుమిన్ పోతూ ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలల్లోనే పరీక్ష చేయించి, ఆ చీటీ దాచాలి. తర్వాతి మార్పు దానితో పోల్చితేనే తెలుస్తుంది. ముప్పు ఎక్కువని తేలితే డాక్టరు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. సొంతంగా వాడరాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పైకడుపులో నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆనాడు తలుపు తట్టేసరికే ఆలస్యమైంది. మీరు ముందే బయలుదేరండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఐడా డాక్టరు కావాలని ఎందుకు నిర్ణయించుకున్నారు?
2. చక్కెర వ్యాధి ఉన్న గర్భిణికి మూత్ర పరీక్ష మొదట్లోనే ఎందుకు చేయించాలి?