లెవ్ వైగోత్‌స్కీ: బాలుని యెఱుక, బడి చదువు

బాలుడు పాఠశాలలో నడుగిడునాటికి వట్టి పలకవంటి మనస్సుతో రాడు. నిప్పు కాల్చుననియు, కట్టె నీట తేలుననియు, రాయి మునుగుననియు ఇంటనే యెఱిగి యుండును. ఈ యింటి యెఱుకకును గురువు చెప్పు శాస్త్రమునకును గల సంబంధమును విచారించినవారిలో రష్యను పండితుడగు లెవ్ వైగోత్‌స్కీ అగ్రగణ్యుడు. బిడ్డలను బడికి బంపు గృహస్థులెల్లరు ఆయన చరిత్ర నెఱుగుట యావశ్యకమని మేమెంచుచున్నాము.

ఆయన 1896లో ఓర్షా పట్టణమున యూదుల కుటుంబమున జన్మించి, గోమెల్ నగరమున పెరిగెను. ఆ కాలమున మాస్కో విశ్వవిద్యాలయమున యూదులకు నూటికి మూడు స్థానములే యుండెను. 1913లో చీట్లు వేయగా ఆయనకు ప్రవేశము లభించెను. 1917లో చదువు ముగించి, గోమెల్‌లో ఉపాధ్యాయుడయ్యెను. 1924లో పెట్రోగ్రాడ్ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము పండితుల నాకర్షింపగా, మాస్కోలోని మనస్తత్వశాస్త్ర పరిశోధనాలయము ఆయనను పిలిపించుకొనెను.

సోదరుడనగా నెవరో బాలునకు అనుభవముచే తెలియును, నిర్వచింపుమన్న తడబడును. ఆర్కిమెడీసు సూత్రమును నిర్వచింపగలడు. దానిని అనుభవముతో ముడిపెట్టలేడు. ఇంటి యెఱుక క్రిందినుండి పైకిని, శాస్త్రము పైనుండి క్రిందికిని పెరుగును. ఆ రెండును కలిసిన చోటనే నిజమైన జ్ఞానము కలుగునని ఆయన సిద్ధాంతము. బాలుని స్వంత భావములు పెద్దల బోధచే తొలగిపోవుట మాత్రమే జరుగునను తలంపును ఆయన ఖండించెను. ఆయన శిష్యురాలు షిఫ్ బాలురచే అసంపూర్ణ వాక్యములను పూరింపజేసి పరీక్షించెను. కారణము చెప్పవలసిన వాక్యములను చిన్న తరగతులవారు నిత్యజీవిత విషయములలో కంటె బడిలో నేర్చిన విషయములలోనే చక్కగా పూరించిరి. గురువు వివరించి, ప్రశ్నించి, దిద్దుటయే యిందులకు హేతువు. ఐనను నిర్వచనమును వల్లె వేయించుట బోధ కాదనియు, అట్టి చదువు వట్టి మాటలనే మిగుల్చుననియు ఆయన హెచ్చరించెను.

క్షయరోగము ఆయనను చిరకాలము పీడించెను. 1934 జూనులో, 37వ యేట ఆయన కన్నుమూసెను. భాషాచింతనల సంబంధమును గూర్చిన ఆయన మహాగ్రంథము మరణానంతరము ఆ యేటనే వెలువడెను. 1936లో సోవియట్ ప్రభుత్వపక్షము బాలశాస్త్రమును నిషేధింపగా ఆయన రచనలు మరుగునబడెను. 1956లో మరల ముద్రణ నందెను. అధికారము గ్రంథమును దాచగలిగెను గాని, అందలి సత్యమును చెరుపజాలకపోయెను.

సూత్రము నప్పగించిన బిడ్డను మెచ్చుకొనుట తల్లిదండ్రులకు సులభము. అంతటితో తృప్తి నొందక, బావినీట నున్నంతవరకు తేలికగా నుండు బిందె నీటిపైకి వచ్చినంతనే బరువెక్కుటకు కారణమేమని వారా బిడ్డ నడుగవలెను. బిడ్డ తన సూత్రముతో బదులు చెప్పగలిగిననాడే బడి చదువు ఇంటికి వచ్చినదని మా విశ్వాసము.