మసీదు ఊడ్చిన బాలుడు - మఖ్దూం మొహియుద్దీన్

మఖ్దూం అనగానే ఎర్రజెండా, ఉర్దూ కవిత్వం గుర్తుకొస్తాయి. ఆయన మన జిల్లావాడని మాత్రం చాలామందికి తెలియదు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా సిద్దిపేట, అందోలు రెండూ మెదక్ జిల్లాలోనివే. ఆ అందోలులోనే 1908 ఫిబ్రవరి 4న మఖ్దూం పుట్టాడు.

ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ చనిపోయాడు. చిన్నాయన బషీరుద్దీన్ చేరదీసి పెంచాడు. ఆ ఇంట్లో భక్తి ఎక్కువ, క్రమశిక్షణ ఇంకా ఎక్కువ. ఖురాన్ చదవాలి, మసీదు ఊడ్వాలి, నమాజుకు వచ్చేవాళ్ల కోసం నీళ్లు మోసి పొయ్యాలి. చీపురు పట్టడం మన హాస్టల్ పిల్లలకేమీ కొత్త కాదు. కానీ ఆ చీపురుకు, ఆ నీళ్లకు అక్కడ ఎంత విలువ ఉందో తెలుసుకోవాలి.

ఇస్లాంలో ముఖ్యమైన ఆచరణలు ఐదు. దేవుడొక్కడేనని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం చెప్పడం. రోజుకు ఐదుపూటల నమాజు. రంజాన్ నెలంతా రోజా. ఉన్నవాళ్లు ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర వంతు పేదలకు జకాత్ ఇవ్వడం. శక్తి ఉంటే జీవితంలో ఒక్కసారి హజ్. నమాజుకు ముందు వజూ చేసుకోవాలి. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకుని, చివర కాళ్లు కడుక్కుంటారు. ఆ నీళ్లు పోసేవాడు లేకపోతే పెద్ద సాబు నమాజైనా ఆగాల్సిందే!

ఇక నమాజు వరుస. ముందొచ్చినవాడు ముందు నిలబడతాడు. జాగీర్దారు పక్కన జీతగాడు భుజానికి భుజం ఆనించి నిలబడొచ్చు. మసీదు గడప దాటితే మాత్రం మళ్లీ జాగీర్దారు జాగీర్దారే, జీతగాడు జీతగాడే. నిజాం కాలపు పల్లెల్లో వెట్టిచాకిరీ సంగతి మన తాతలను అడిగితే చెప్పేవాళ్లు. లోపలున్న ఆ వరుస బయట ఎందుకుండదు? మఖ్దూం జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగిందని నాకనిపిస్తుంది.

1917లో రష్యాలో రాజును దించేశారని, ఇక అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటారని చిన్నాయన ఇంట్లో చెప్పాడట. దస్తర్‌ఖాన్ అంటే భోజనానికి కింద పరిచే గుడ్డ. ఆ మాట పిల్లవాడి మనసులో నాటుకుపోయింది.

ఉస్మానియాలో చదువు కష్టంగానే సాగింది. చేతిలో డబ్బుల్లేవు, చిన్నాచితకా పనులు చేసుకున్నాడు. అయినా నవ్వు మానలేదు. 1933లో రాసిన తొలి కవిత ‘పీలా దుశాలా’ ఒక పసుపుపచ్చ శాలువా మీద హాస్యం. 1936లో ఎం.ఏ. పూర్తిచేసి, తర్వాత సిటీ కాలేజీలో లెక్చరర్ అయ్యాడు. 1940ల మొదట్లో ఆ ఉద్యోగం వదిలేసి కార్మికుల్లోకి వెళ్లాడు.

ఇది మంచి పనేనా? నీతి గురించి ఆలోచించిన పెద్దలు మూడు దారులు చూపారు. పనిని ఫలితాన్నిబట్టి తూచాలని కొందరు, ఫలితమెలా ఉన్నా కర్తవ్యం చెయ్యాలని కొందరు, ముందు మనిషి శీలం చూడాలని కొందరు. ఇస్లాం నియ్యత్‌కు, అంటే మనసులోని సంకల్పానికి, పెద్దపీట వేస్తుంది. ఫలితంతో తూచితే ఆయనకు ఆనాడు దక్కింది నష్టమే: జీతం పోయింది, అజ్ఞాతవాసం వచ్చింది, 1951లో జైలు కూడా వచ్చింది. మిగతా తూకాల్లో ఆయన వైపే మొగ్గుతుంది. కమ్యూనిస్టు నాయకుడికి మసీదుతో ఏం సంబంధమని అడగొచ్చు. ఆయన విశ్వాసం ఆయన సొంత సంగతి, నేను చూస్తున్నది నడవడిక.

1946లో ఏర్పడిన హైదరాబాద్ సంస్థాన కార్మిక సంఘాల సమాఖ్యకు నాయకత్వం వహించాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాడు. 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు గెలిచాడు. పేరు చూస్తే ముస్లిం, రాసేది ఉర్దూ. ఓట్లేసింది మాత్రం తెలుగు రైతులు. తర్వాత శాసనమండలిలోనూ ఉన్నాడు.

‘బిసాతె రక్స్’ సంపుటికి 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశాడు. హైదరాబాద్‌లో షా ఖామోష్ దర్గా దగ్గర ఖననం చేశారు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల వరుసలో ఆయనదీ ఉంది. పట్నం పోయినప్పుడు ఓసారి ఆగి చూడండి.