పింగళి వెంకయ్య

విజయవాడ కడ కృష్ణానది నుండి బయలుదేరు కాలువలు సముద్రతీరము వరకు పైరులను పండించుచున్నవి. ఆ డెల్టా భూమిలో, కూచిపూడికి చేరువన, భట్లపెనుమర్రు అను గ్రామము కలదు. 1876వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన ఆ గ్రామమున హనుమంతరాయుడు, వెంకటరత్నము అను దంపతులకు పింగళి వెంకయ్య జన్మించెను. భారత జాతీయ పతాకమును రూపొందించిన మహనీయునిగా నేడు దేశమెల్ల ఆయనను ఎరుగును. కాని ఆయన యౌవనమున సేవించినది పరుల పతాకమును.

వెంకయ్య మచిలీపట్నమున హైస్కూలు చదువు చదివెను. పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయులును, డచ్చివారును వర్తకమునకై దిగిన రేవు అది. వర్తకులుగా వచ్చిన ఆంగ్లేయులు కాలక్రమమున దేశమునకు పాలకులైరి. చురుకుదనమును, సాహసమును గల యువకులకు వారి సైన్యము ఒక జీవనమార్గముగా నుండెను. వెంకయ్య తన పందొమ్మిదవ యేట ఆ సైన్యమున చేరెను.

1899లో దక్షిణాఫ్రికాలో యుద్ధము ప్రారంభమయ్యెను. అచ్చట స్థిరపడిన డచ్చివారి సంతతిని బోయర్లందురు. వారి రాజ్యములైన ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లతో ఆంగ్లేయులు 1902 వరకు పోరాడిరి. తెల్లవారిపై నల్లవారిచేత ఆయుధము పట్టింపరాదని ఆంగ్ల ప్రభుత్వము తలచెను. అందుచే భారతీయులు వేలకొలదిగా వెళ్లియు, సామగ్రి మోయుట, గుఱ్ఱములను సాకుట, క్షతగాత్రులను చేరవేయుట మొదలగు పనులే ఎక్కువగా చేయవలసి వచ్చెను. మోహనదాసు గాంధీ సుమారు 1,100 మంది భారతీయులతో ఒక సేవాదళమును ఏర్పరచి, గాయపడినవారిని డోలీలపై మోయించెను. వెంకయ్య సైన్యముతో ఆఫ్రికాకు వెళ్లి ఆ యుద్ధమున పాల్గొనెను. అచ్చటనే ఆయనకు గాంధీతో పరిచయము కలిగెను.

సైన్యమును విడిచి స్వదేశమునకు మరలిన పిమ్మట వెంకయ్య పెక్కు వృత్తులు చేపట్టెను. కొంతకాలము రైల్వే గార్డుగా పనిచేసెను. ప్లేగు నివారణోద్యోగిగాను పనిచేసెను. లాహోరునకు పోయి ఉర్దూ, జపాను భాషలను అభ్యసించెను. అందుచే జనులు ఆయనను జపాను వెంకయ్య అని పిలిచిరి. మునగాల రాజా నాయని రంగారావు ఆదరమున వ్యవసాయ పరిశోధనలు సాగించి, కంబోడియా పత్తిని పండించి, పత్తి వెంకయ్య అనిపించుకొనెను. నెల్లూరు ప్రాంతమున అభ్రకమును గూర్చియు, తెలుగు సీమలో దొరకు వజ్రములను గూర్చియు పరిశోధించి, వజ్రాల వెంకయ్య అను పేరును పొందెను. మచిలీపట్నమున ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడుగా నుండెను. పత్తియు, అభ్రకమును, వజ్రములును ఎందరినో ధనవంతులను చేసిన వస్తువులు. వెంకయ్య వానిని గూర్చిన జ్ఞానమును ఆర్జించెనే గాని, ధనమును కూడబెట్టలేదు. ఆయన మనస్సు వేరొక పనియందు లగ్నమై యుండెను.

1906లో కలకత్తాలో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగెను. ఆ కాలమున భారతీయులకు తమదని ఎత్తుకొనుటకు అందరును అంగీకరించిన జెండా ఒక్కటియు లేదు. ఇతరుల జెండా క్రింద సముద్రములు దాటి వచ్చిన వెంకయ్యకు ఈ లోపము ఎంతయో బాధ కలిగించెను. ఆయన అనేక దేశముల పతాకములను పరిశీలించి, 1916లో భారతదేశమునకు తగిన జాతీయ పతాకమును గూర్చి ముప్పది నమూనాలతో ఒక గ్రంథమును ప్రకటించెను. పిదప కాంగ్రెసు సభలకు పోయి, నాయకులను కలిసి, తన ఆశయమును నివేదించుచు వచ్చెను. ఏండ్లు గడచినను సభ తీర్మానింపలేదు. వెంకయ్య విసుగు చెందలేదు.

1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము విజయవాడలో సమావేశమయ్యెను. విక్టోరియా రాణి పాలనా స్వర్ణోత్సవ స్మారకముగా కట్టిన భవనమే ఆ సమావేశమునకు వేదిక. జాలంధరమునకు చెందిన లాలా హంసరాజు జెండాపై రాట్నము ఉండవలెనని సూచించియుండెను. ఎఱుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నము గల పతాకమును సిద్ధము చేయుమని గాంధీ వెంకయ్యను కోరెను. ఏండ్ల తరబడి సాధన చేసిన చేతులకు ఆ పని కష్టమా? మూడు గంటలలో పతాకము సిద్ధమయ్యెను. అయినను సభ ముందుంచుటకు అప్పటికే కొంత ఆలస్యమైనది. ఆ ఆలస్యము మేలే చేసెను. హిందూ ముస్లిములకే గాక ఇతర మతములవారికిని పతాకమున చోటుండవలెనని గాంధీ ఆలోచించి, తెలుపును చేర్పించెను. మువ్వన్నెల జెండా ఈ విధముగా పుట్టెను.

నాటి నుండి ఆ జెండాకై జనులు కష్టములకు ఓర్చుకొనిరి. 1923లో నాగపురమున దానిని పట్టుకొని నడచినందులకు ఎందరో చెరసాలల పాలైరి. 1931లో కాంగ్రెసు ఎఱుపునకు మారుగా కాషాయమును స్వీకరించి, రంగులకు మతములతో సంబంధము లేని అర్థములను చెప్పెను. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగ సభ రాట్నమునకు బదులు అశోకుని ధర్మచక్రమును నిలిపి, దానిని స్వతంత్ర భారత పతాకముగా ఆమోదించెను.

దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను గాని, వెంకయ్య లేమి తీరలేదు. ఆయన చివరి దినములు విజయవాడలో పేదరికముననే గడచెను. 1963వ సంవత్సరము జూలై 4వ తేదీన ఆయన అచ్చటనే కన్నుమూసెను. తన దేహముపై మువ్వన్నెల పతాకమును కప్పవలెనని ఆయన కోరెనని చెప్పుదురు. తపాలాశాఖ ఆయన పేర బిళ్లను వెలువరించుటకు 2009 వరకు కాలము పట్టెను. ఆయన పతాకము సిద్ధము చేసిన నాటి సమావేశ భవనము బాపూ మ్యూజియమను పేర నిలిచియున్నది.

ధనము గడించినవారి ఆస్తి వారి వారసులకే చెందును. వెంకయ్య పాటుపడి సాధించినది జాతికంతకును చెందినది. ఆగస్టు 15వ తేదీన పాఠశాల ముంగిట జెండాకు వందనము చేయు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆయన వారసులే.