తన జనులయొద్దకు తిరిగి వచ్చిన నర్సు



నెహెమ్యా యెరూషలేమునకు వచ్చిన పిమ్మట మూడు దినములు ఎవరికిని ఏమియు చెప్పలేదు. రాత్రివేళ లేచి, కొద్దిమందిని వెంటబెట్టుకొని, పడిపోయిన ప్రాకారములను, కాలిపోయిన గుమ్మములను కన్నులార చూచెను. చూచిన తరువాతనే నోరు తెరచెను. మా కోట్‌పల్లి స్త్రీల కూటములో ఈ భాగమును ధ్యానించుచుండగా మాకు దూరదేశపు నర్సు ఒకతె జ్ఞాపకమునకు వచ్చెను.

ఆమె పేరు సూసీ వాకింగ్ బేర్. వాకింగ్ బేర్ అనగా నడచు ఎలుగుబంటి. అది ఆమె తండ్రి పేరు. అమెరికాలో మోంటానా రాష్ట్రమందు ప్రయర్ అను ఊరియొద్ద, క్రో అను ఆదివాసి జాతివారి రిజర్వేషనులో ఆమె 1903 జనవరి 27వ తేదీన జన్మించెను. తెల్లవారు దేశమును ఆక్రమించుకొనిన పిమ్మట ఆదివాసులకు మిగిల్చిన నేలకే రిజర్వేషనని పేరు. తల్లి సూ అను మరియొక జాతి స్త్రీ. క్రో అను ఇంగ్లీషు మాటకు కాకి అని అర్థము. అది పరులు పెట్టిన పేరు. వారు తమ్మును అప్సాలుకే అని చెప్పుకొందురు, అనగా పెద్ద ముక్కుగల పక్షి సంతానము. ఒకరు పెట్టిన పేరు వీధిలో మోయుచు, తన పేరు ఇంటిలో దాచుకొనుట యెట్టిదో మన పల్లెలలో అనేకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆమె చిన్నతనమందే తలిదండ్రులు లేనిదాయెను. రిజర్వేషనులోని బోర్డింగు బడులలో పెరిగెను. ఆ కాలపు అట్టి బడులలో పిల్లల జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లి భాష పలికినందుకు శిక్షించుచుండిరి. వీటిలో అనేకము మిషను బడులే. మనమును మిషను బోర్డింగులలో అక్షరములు నేర్చుకొనినవారమే గనుక ఈ సంగతి వ్రాయుట మాకు కష్టముగా నున్నది. అయినను జరిగినది జరిగినట్లే చెప్పవలెను గదా. మేలును అక్కడనుండియే వచ్చెను. ఫ్రాన్సెస్ షా అను బాప్తిస్టు మిషనరీ ఆమెను ఓక్లహోమాలోని బేకన్ అను ఆదివాసుల బడికి, ఆ తరువాత మసాచుసెట్సులో మూడీగారు స్థాపించిన నార్త్‌ఫీల్డు బాలికల బడికి చేర్చెను. సూసీ ఇంటిపనులు చేయుచు, పసిపిల్లలను చూచుకొనుచు చదువుకొనెను. పిమ్మట గ్రీన్‌ఫీల్డులోను, బోస్టను పట్టణపు ఆసుపత్రిలోను నర్సు శిక్షణ ముగించి, 1920ల దశకములో రిజిస్టరు పొందిన ఆదివాసి నర్సులలో మొదటివారిలో ఒకతె ఆయెను. ఆమె జాతులవారికందరికి ఆ దేశపు పౌరసత్వమే 1924లో గాని చట్టమువలన కలుగలేదని చదువరులు గమనింతురు గాక.

బోస్టనులోనే ఉండిపోయినయెడల ఆమెకు జీతమును మర్యాదయు కలిగియుండును. ఆమె తిరిగి వచ్చెను. 1929లో థామస్ యెల్లోటెయిల్ అను స్వజాతీయుని వివాహమాడి, క్రో ఏజెన్సీలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పనికి చేరెను. అక్కడ చూచినవి ఆమెను నిద్రపోనీయలేదు. క్రో స్త్రీలకు వారి సమ్మతి లేకనే, బిడ్డలు కలుగకుండ శస్త్రచికిత్సలు జరుగుచుండెను. కాన్పునకు వచ్చిన స్త్రీ తనకు ఏమి జరిగెనో తెలియకయే ఇంటికి పోవుచుండెను. సూసీ ఊరకుండలేదు, స్త్రీల పక్షమున ఎదిరించి మాటలాడెను. ఆ ఆసుపత్రి పని విడిచిన తరువాత అనేక సంవత్సరములు లిటిల్ హార్న్ లోయలోని ఇండ్లలో కాన్పులు చేసెను. అక్కడి వృద్ధ స్త్రీలు ఎరిగిన పద్ధతులను ఆమె తృణీకరించలేదు.

1930 మొదలు 1960 వరకు ఆమె అనేక రిజర్వేషనులు తిరిగెను. నెహెమ్యావలె ముందు చూచెను. జబ్బుపడిన బిడ్డను వీపున కట్టుకొని ఇరువది ముప్పది మైళ్లు నడచి ఆసుపత్రికి పోవు తల్లులను, త్రోవలోనే ఆ వీపుమీద చనిపోయిన బిడ్డలను గూర్చి తెలిపెను. మన కోట్‌పల్లినుండి తాండూరు వరకు నడచి, ఇంకను కొంత దూరము నడచినట్లు ఎంచుకొనుడి. ఇంగ్లీషు రాని ముసలివారు ఆసుపత్రికి చేరినను, వారి మాటను డాక్టరుకు చెప్పువాడు లేక సరియైన వైద్యము పొందలేదు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు ఒకటి గుర్తుకు వచ్చినది. కొన్ని సంవత్సరముల క్రిందట సమీప తండానుండి ఒక అవ్వను పట్టణమునందలి దవాఖానకు తోడుకొనిపోతిమి. ఆమెకు లంబాడీ మాట తప్ప మరియొకటి రాదు. నొప్పి కుడిప్రక్కనా అని అడిగిన తల ఊపెను; ఎడమప్రక్కనా అనినను తల ఊపెను. మాకును ఆ భాష రాదు. తుదకు వరండా ఊడ్చుచున్న ఒక స్త్రీ లోపలికి వచ్చి, అవ్వను ఆమె భాషలో అడిగి, డాక్టరుగారికి చెప్పెను. అంతసేపు మేము ఆమె చీపురు పట్టుకొని నిలిచితిమి. సూసీ అడిగినది అటువంటి మనిషినే: రోగి భాష, రోగి మర్యాద ఎరిగినవారు ఆసుపత్రిలో జీతగాండ్రుగా ఉండవలెనని. జాతివారిలోనుండియే ఆరోగ్య కార్యకర్తలను ఎన్నుకొని శిక్షించి పల్లెలకు పంపు పథకము 1968లో ఆరంభమాయెను. దానికొరకు పాటుపడినవారిలో ఆమె యొకతె.

1950లలో భర్తతోకూడ క్రో నృత్యబృందములో చేరి ఐరోపా మొదలగు దేశములు చూచివచ్చెను. థామస్ తరువాతి కాలమున వారి జాతి సూర్యనృత్యమునకు పెద్ద ఆయెను. ఇది కొందరు చదువరులకు రుచింపకపోవచ్చును. మిషను బడిలో చదివినందున ఆమె తన ఇంటివారిని చిన్నచూపు చూడలేదని మాత్రము చెప్పగలము.

1962లో అమెరికా అధ్యక్షుని నర్సింగు బహుమానము ఆమెకు లభించెను. పిమ్మట ఆదివాసుల ఆరోగ్యమును గూర్చిన ప్రభుత్వ సభలలో సభ్యురాలుగా నియమింపబడెను. అయినను పని తీరలేదు. 1976లో ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీవారు నాలుగు ప్రాంతములనే పరిశీలించి, 1973 మొదలు 1976 వరకు 3,406 మంది ఆదివాసి స్త్రీలకు గర్భనిరోధ శస్త్రచికిత్సలు జరిగెననియు, సమ్మతి పత్రములు నియమముల ప్రకారము లేవనియు తెలిపిరి. నలువది ఐదేండ్లకు పూర్వము తాను ఆసుపత్రిలో చూచినదే మరల కాగితముమీద చదువుట ఆ వృద్ధురాలికి ఎట్లుండెనో!

ఆదివాసి నర్సులు తమకు ఒక సంఘము కలుగవలెనని ఆమె కృషిచేసెను. 1978లో ఆ నర్సుల సంఘమువారు ఆమెను తమ అందరికి అవ్వ అని బిరుదిచ్చి పిలిచిరి. బహుమానములన్నిటిలోను మాకు ఇదియే పెద్దదిగా తోచుచున్నది. 1981వ సంవత్సరము క్రిస్మసు దినమున సూసీ యెల్లోటెయిల్ మరణించెను. 2002లో అమెరికా నర్సుల సంఘమువారు ఆమె పేరును తమ గౌరవ పట్టికలో చేర్చిరి. ఆ పట్టికలో ఆదివాసి నర్సు పేరు వ్రాయబడుట అదియే మొదలు.