బాపూజీ నడక

రాజ్‌కోట్ ఉన్నత పాఠశాలలో పై తరగతుల వారికి వ్యాయామం నిర్బంధం. మోహన్‌దాస్‌కు అది రుచించలేదు. బడి విడిచిన వెంటనే ఇల్లు చేరి, జబ్బుపడిన తండ్రికి సేవచేయాలన్నదే అతని తపన. ఒక శనివారం సాయంత్రం నాలుగు గంటలకు వ్యాయామానికి హాజరు కావాలి. దగ్గర గడియారం లేదు. మబ్బుపట్టిన ఆకాశాన్ని చూసి వేళ తెలియక పొరబడ్డాడు. చేరేసరికి అందరూ వెళ్ళిపోయారు. ఉన్నది చెప్పినా నమ్మక జరిమానా విధించారు. అబద్ధికుడనిపించుకున్నందుకే ఆ బాలుడు కుమిలిపోయాడు. చివరకు తండ్రి లేఖ రాయగా మినహాయింపు దొరికింది.

వ్యాయామం పట్ల ఆ విముఖత పొరపాటని గాంధీజీ తరువాత ఒప్పుకున్నారు. అయితే ఆరుబయట నడక మేలని పుస్తకాల్లో చదివి, ఆ వయసులోనే అలవరచుకున్నారు. 1888లో లండన్ చేరాక బండి ఖర్చు మిగలడానికి రోజూ ఎనిమిది, పది మైళ్ళు నడిచేవారు. పొదుపు కోసం సాగిన ఆ నడకే అక్కడ ఆయనను జబ్బుల నుండి కాపాడింది. దక్షిణాఫ్రికాలో 1910లో నెలకొల్పిన టాల్‌స్టాయ్ క్షేత్రం నుండి జొహానెస్‌బర్గ్ 21 మైళ్ళు. సొంత పనిమీద వెళ్ళేవారు నడిచే వెళ్ళాలన్నది అక్కడి నియమం.

ఆయన ఎన్నడూ జబ్బుపడలేదనుకోరాదు. 1918లో కడుపు బాగులేకున్నా పండుగనాటి తీపికి లొంగి, రక్తవిరేచనాలతో మృత్యువు అంచుదాకా వెళ్ళారు.

1930 మార్చి 12న సబర్మతి నుండి దండికి బయలుదేరినప్పుడు ఆయన వయసు 60. సుమారు 240 మైళ్ళు, 24 రోజులు. వెంట వచ్చిన యువకులలో కొందరు డస్సిపోయారు. 1947 ఆరంభంలో, మతకల్లోలాలతో గాయపడిన నవాఖాలీ పల్లెలను పలకరించడానికి 77 ఏళ్ళ వయసులో చెప్పులు కూడా విడిచి నడిచారు.