సామర్లకోట నుంచి గార్డెన్ రీచ్ దాకా: కరువును లెక్కగట్టిన రాక్స్‌బర్గ్

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ ఒడ్డున నిలబడితే హుగ్లీ నదికి అవతల శిబ్‌పుర్ బొటానికల్ గార్డెన్ కనిపిస్తుంది. 1770 నాటి బెంగాల్ కరువు తర్వాత, ఆకలి తీర్చే మొక్కలు పెంచాలన్న ఆలోచనతో రాబర్ట్ కిడ్ 1787లో ఆ తోటను మొదలుపెట్టారు. ఆయన మరణించాక 1793లో తోట బాధ్యతలు తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్‌కు కరువంటే ఏమిటో అప్పటికే బాగా తెలుసు. దాన్ని ఆయన గోదావరి సీమలో చూశారు.

1751లో స్కాట్లాండ్‌లో పుట్టిన రాక్స్‌బర్గ్, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చారు. 1781 నుంచి సామర్లకోటలో పనిచేశారు. చికిత్స కన్నా మొక్కల మీదే ఆయనకు ధ్యాస ఎక్కువ. వాతావరణం వివరాలు రోజుకు మూడుసార్లు రాసుకునేవారు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించారు, వాటి తెలుగు పేర్లు కూడా నమోదు చేశారు.

కంపెనీకి కావలసింది మాత్రం వ్యాపారం. మిరియాలు, నీలిమందు ఇక్కడ పండుతాయా? పంచదార వెస్టిండీస్ కన్నా చౌకగా వస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు కోసం ఆయన పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో ఏలేరు పక్కన చెరకు వేసే రైతుల పద్ధతిని పరిశీలించారు. నాటడం నుంచి గానుగ, బెల్లం వంట వరకు ఖర్చు, దిగుబడి లెక్కలు రాశారు. ఒకసారి చెరకు వేసిన పొలంలో మళ్లీ మూడు నాలుగేళ్ల దాకా రైతులు ఆ పంట వేయరని గుర్తించారు. నేటి భాషలో చెప్పాలంటే అది సరఫరా గొలుసు అధ్యయనమే. అందులోని జ్ఞానం రైతులది, అడిగింది కంపెనీ.

అంతలో 1789-92 కరువు ఉత్తర సర్కారులను ఊడ్చేసింది. పిఠాపురం రాజా ద్వారా ఆరా తీసి, వందేళ్ల కిందట కూడా ఇలాంటి కరువే వచ్చిందని రాక్స్‌బర్గ్ తెలుసుకున్నారు. వానలు మళ్లీ మొహం చాటేస్తాయి కాబట్టి ముందే సిద్ధపడాలన్నది ఆయన వాదన. కొబ్బరి, సగ్గుబియ్యం చెట్టు, పనస, అరటి వంటివి విరివిగా నాటించాలని అధికారులకు సూచించారు. వరి ఎండినా చెట్టు ఎంతో కొంత తిండి పెడుతుందన్నది దాని వెనుక ఆలోచన.

శిబ్‌పుర్‌లో ఆయన ఇరవై ఏళ్లు పనిచేశారు. 1795లో అక్కడి నుంచే జనపనారను లండన్‌లోని డైరెక్టర్ల దృష్టికి తెచ్చారు. తర్వాతి శతాబ్దంలో హుగ్లీ రెండు ఒడ్లా జూట్ మిల్లులు లేచాయి. ఆరోగ్యం దెబ్బతిని 1813లో భారత్ విడిచిన రాక్స్‌బర్గ్, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు.

అమ్ముడుపోయే నారకు పెట్టుబడి దొరికింది. ఆకలి తీర్చే చెట్లకు అంత పట్టుదల దొరకలేదు. 1833 కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది చనిపోయారని అంచనా.

నేడు ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో రైతు ఎదురుచూసే గోనె సంచి, ఆయన లండన్‌కు చూపిన ఆ నారతోనే తయారవుతుంది. ఆహార ధాన్యాలను అందులోనే నింపాలన్న నిబంధనకు 1987లో చట్టం కూడా వచ్చింది. పంటల పరిశోధనలో ఏ ప్రశ్న ఎవరి కోసం అడుగుతున్నామన్నది ఎంత ముఖ్యమో రాక్స్‌బర్గ్ జీవితం చెబుతుంది.